కోరల్ బేలో చెల్లెలి పడవ మీద

మా చెల్లెలు హెప్సీ వాళ్ళు డాలస్ పక్కన కాపెల్‌లో ఇల్లు ఖాళీ చేసి, తెరచాప పడవ ఒకటి కొనుక్కుని యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌కి వెళ్ళిపోయి ఏడాది దాటింది. మరిది ప్రభాకర్ ఉద్యోగం మానలేదు, పడవ మీదే ఇంటర్నెట్ పెట్టుకుని పని చేస్తున్నాడు. పదకొండేళ్ళ నయోమి చదువు కూడా అక్కడే. ఆదివారం వచ్చిందంటే మా తెలుగు చర్చి గ్రూపులో ఒక కొత్త ద్వీపం ఫొటో పడేది. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, టోపీలు పెట్టుకుని నవ్వుతున్న ముగ్గురు. అందరూ "ప్రైజ్ ద లార్డ్" అని రాసి ఊరుకునేవారు. మా ఆయన రాజేష్ మాత్రం ఊరుకోలేదు. మనమూ వెళ్దాం, ఇల్లు రెంట్‌కి లిస్ట్ చేద్దాం అని పట్టుకున్నాడు. నేను ఎటూ తేల్చకపోతే చివరికి, "నువ్వే వెళ్ళి చూసిరా సునీతా. నువ్వు ఓకే అంటే లిస్ట్ చేస్తా, లేదంటే మళ్ళీ ఆ మాటే ఎత్తను," అన్నాడు. అలా బయల్దేరాను.

వెళ్ళకముందే నాకు అనుమానం. ఎన్ని ద్వీపాల ఫొటోలు పెట్టినా వాటిలో ఎక్కడా వాళ్ళ పడవ ఉండేది కాదు. పడవ మీద తీసుకున్న ఫొటోలన్నిటిలోనూ వెనక ఒకటే కొండ. రాజేష్‌కి చూపిస్తే, "కొండలన్నీ ఒకేలా ఉంటాయిలే. నీకు పాలలో కూడా నలుసు కనిపిస్తుంది," అని నవ్వాడు. హెప్సీ ఫోన్‌లో కూడా మునుపటిలా లేదు. సముద్రం గురించి అడిగితే వంట గురించి చెప్పేది.

డాలస్ నుంచి ఆ ద్వీపాల్లో ఒకటైన సెయింట్ థామస్‌కి నేరుగా విమానం ఉంది, సుమారు ఐదు గంటలు. అది అమెరికాలో భాగమే కాబట్టి వెళ్ళేటప్పుడు ఇమిగ్రేషన్ లేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అక్కడి ఎయిర్‌పోర్ట్‌లోనే కాగితాలు చూస్తారు. గ్రీన్ కార్డ్ వాళ్ళు కార్డు, వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్ట్‌తో సహా అన్నీ వెంట ఉంచుకోవాలి. ఎయిర్‌పోర్ట్ బయట నలుగురైదుగురిని కలిపి ఎక్కించుకునే వ్యాన్ టాక్సీలు ఉంటాయి, మనిషికి ఇంత అని తీసుకుంటారు. రెడ్ హుక్ రేవు దాకా కొండదారి. బండి స్టీరింగ్ అమెరికాలోలా ఎడమవైపే, కానీ బండి నడిచేది కూడా రోడ్డుకి ఎడమవైపే. ప్రతి మలుపులోనూ నా కాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. రెడ్ హుక్ నుంచి సెయింట్ జాన్ ద్వీపానికి ఫెర్రీలో ఇరవై నిమిషాలు. పగలంతా ఇంచుమించు గంటకొకటి ఉంటుంది.

ఫెర్రీ దిగాక, వాళ్ళ పడవ ఉండే కోరల్ బే అనే సముద్రపు వంపుకి ద్వీపం అడ్డంగా దాటాలి. ఆ టాక్సీ నడిపే ఆవిడ పేరు డోరిన్. ఎవరింటికని అడిగితే, ఇండియన్ ఫ్యామిలీ, పడవ మీద ఉంటారు, చిన్న పాప ఉంది అని చెప్పాను.

"ఓ, మొక్కల పడవ వాళ్ళా! నాకెందుకు తెలీదు? ఫెర్రీకి నా బండిలోనే వెళ్తారు. పాపం, ద్వీపాలు చూడటమంటే వాళ్ళకి భలే ఇష్టం," అంది ఇంగ్లీషులో.

"ఫెర్రీకా? వాళ్ళకి పడవ ఉందిగా?"

డోరిన్ అద్దంలో నన్నొకసారి చూసి, మేకల మంద అడ్డొచ్చిందని హారన్ కొట్టింది.

మిగతా దారంతా నా బుర్ర ఊరుకోలేదు. పడవ పాడైందా? ప్రభాకర్‌కి లేఆఫ్ అయ్యి దాస్తున్నారా? లేక మొగుడూపెళ్ళాల మధ్య ఏమైనా వచ్చిందా? ఒక్కో మలుపుకి ఒక్కో అనుమానం. కోరల్ బేలో రోడ్డు దిగేసరికి ఫొటోల్లోని కొండ ఎదురుగా నిలబడి ఉంది.

ప్రభాకర్ చిన్న రబ్బరు పడవలో వచ్చి ఒడ్డున నన్ను ఎక్కించుకున్నాడు. "వదినా, వెల్‌కమ్! బాగా ఎండగా ఉందా?" అంటూ అవసరానికి మించి నవ్వాడు. పెద్ద పడవ దగ్గరికి వచ్చాక ముందు నా కళ్ళు దాన్ని కట్టిన తాడు మీద పడ్డాయి. ఇక్కడ పడవల్ని సముద్రం అడుగున బిగించి పైన తేలేలా వదిలిన బంతులకి కడతారు, వాటిని మూరింగ్ అంటారు. ఆ తాడుకి నాచు గడ్డంలా వేలాడుతోంది. పైకెక్కితే కరివేపాకు, పుదీనా, పచ్చిమిర్చి కుండీలు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ కట్టు లేదు. పడవ ఒరిగితే అవన్నీ ఎక్కడుంటాయి?

హెప్సీ నన్ను వాటేసుకుని వదల్లేదు. చిక్కింది, నల్లబడింది, కానీ చేతులు మాత్రం గట్టిపడ్డాయి. చేపల పులుసు వండిపెట్టింది. స్నాపర్ అంట, ఆ ఉదయమే నయోమి పట్టిందట. పడవలో వంటిల్లు మన స్టోర్‌రూమంత, ఫ్రిజ్ సోలార్ మీద నడుస్తుంది, గిన్నెలు ముందు సముద్రపు నీళ్ళతో కడిగి తర్వాత కొద్దిగా మంచినీళ్ళతో తొలుస్తారు. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. తిన్నాక అడిగాను. "ప్రభాకర్, రేపు మీ పడవలో ఎక్కడికైనా తీసుకెళ్తావా?"

"రేపు గాలి బాగోలేదు వదినా."

అప్పుడే మా పక్కనుంచి ఒక పడవ తెరచాప నిండుగా విప్పుకుని హాయిగా బయటికి వెళ్తోంది. నేను దాన్నే చూస్తూ, "మరి ఎల్లుండి?" అన్నాను.

"ఎల్లుండి నాకు మీటింగులున్నాయి."

నయోమి పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. హెప్సీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి, "లేఆఫ్ అయ్యిందా?" అని చెవిలో అడిగాను.

"ఛ, అదేంలేదక్కా. ఆయన కాల్స్ పొద్దున్నే నువ్వే వింటావు."

"నీతో సరిగ్గా ఉంటున్నాడా?"

"అక్కా, నువ్వు పోలీసువా, చుట్టానివా?" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ప్రభాకర్ సముద్రం మీద ప్రయాణించే వాళ్ళందరి కోసం ప్రార్థించాడు. అందరం ఆమెన్ అన్నాం. హెప్సీ అనలేదు.

మర్నాడు తెల్లారాక నయోమి నాకు ఈత కళ్ళద్దాలు, లైఫ్ జాకెట్ ఇచ్చి నీళ్ళలోకి దింపింది. తల ముంచి చూస్తే పడవ అడుగంతా గడ్డి, చిప్పలు, వాటి మధ్య రంగురంగుల చేపలు. అది పడవ అడుగులా లేదు, చిన్న తోటలా ఉంది.

"పెద్దమ్మా, దే ఆర్ మై ఫిష్. వాళ్ళు ఇక్కడే ఉంటారు."

"ఎప్పట్నుంచి ఉంటున్నారమ్మా?"

"మేము సెయింట్ క్రోయి నుంచి వచ్చిన... వచ్చినప్పట్నుంచి. బోట్ మూవ్ అవ్వదు కదా, సో దే లైక్ ఇట్." అని, నోరు జారిందని తెలిసి నీళ్ళలో మునిగిపోయింది.

పైకి వచ్చి తల తుడుచుకుంటూనే హెప్సీని కూర్చోబెట్టాను. ప్రభాకర్ కింద కాల్‌లో ఉన్నాడు, గొంతు వినిపిస్తూనే ఉంది. ఉద్యోగం నిజమే.

"ఈ పడవ కదిలి ఎన్నాళ్ళయింది?"

కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ప్రభాకర్ ఉన్న వైపు ఒకసారి చూసింది. తర్వాత చెప్పింది. వచ్చిన రెండో నెలలో సెయింట్ క్రోయి ద్వీపం నుంచి ఇక్కడికి వస్తుంటే నడి సముద్రంలో ఉన్నట్టుండి గాలివాన కొట్టిందట. నయోమి నీళ్ళలో పడకుండా నడుముకి కట్టే పట్టీ కొక్కెం అప్పుడే తీసి ఉంది. ఒక అల పాపని అంచు దాకా ఈడ్చుకుపోయింది. ప్రభాకర్ పట్టీ అందుకుని వెనక్కి లాగాడు. పాపకి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

"నాకు ఆ రోజు భయం వేసింది, తర్వాత పోయిందక్కా. ఆయనకి పోలేదు. ఇంజన్ వారం వారం స్టార్ట్ చేసి చూస్తారు, తాడు విప్పడానికి మాత్రం చెయ్యి రాదు. ద్వీపాలకి ఫెర్రీలో వెళ్ళొస్తాం. అందరికీ చెప్పుకుని వచ్చాం కదా, వెనక్కి ఎలా వెళ్తాం?"

కింద కాల్ ఎప్పుడు అయిపోయిందో, ప్రభాకర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"చెప్పేశావా?" అన్నాడు హెప్సీతో. తర్వాత నా వైపు తిరిగి, "వదినా, మీరు దీనికోసమే వచ్చారని నాకు నిన్నే అర్థమైంది. వెళ్ళి అందరికీ చెప్పండి. ప్రభాకర్ పిరికివాడని చెప్పండి," అన్నాడు. "ఆ పట్టీ నా చేతికి అందకపోయి ఉంటే? కళ్ళు మూస్తే అదే."

హెప్సీ లేచి అతని పక్కన నిలబడింది. "పడవ అమ్మేద్దామంటే అమ్మేద్దాం. ఒక్కసారి, అక్క ఉండగా, నేను నడుపుతాను. మీరు పాప దగ్గర కూర్చోండి. మీకు వద్దనిపిస్తే ఒక్క మాట అనండి, వెనక్కి తిప్పేస్తాను."

అతను కొండవైపు చూశాడు. తర్వాత వంగి ఒక కరివేపాకు కుండీ ఎత్తి, "ఇవి బాత్రూంలో పెట్టాలి," అన్నాడు. అదే ఒప్పుకోవడం.

మూరింగ్ తాడు విప్పేసరికి పది దాటింది. అడుగున అంత గడ్డితో పడవ బద్ధకంగా కదిలింది. హెప్సీ చక్రం పట్టుకుని నిలబడిన తీరు చూసి ఇది మా చెల్లెలేనా అనుకున్నాను. ప్రభాకర్ నయోమి నడుం పట్టీని కొక్కేనికి తగిలించి, తను కూడా చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు తెల్లబడిపోయాయి. బే దాటగానే అలలు పెరిగాయి, తెరచాప చప్పుడు చేస్తూ నిండింది, పడవ ఒక పక్కకి ఒరిగింది. లోపల ఏదో గిన్నె పడింది. నేను నాకు వచ్చిన కీర్తనలన్నీ మొదలుపెట్టాను.

ఒక గాలి విసురుకి మరీ ఒరిగాం. "షీట్ వదలండి!" అని అరిచింది హెప్సీ. షీట్ అంటే తెరచాపని బిగించి ఉంచే తాడు. అది ప్రభాకర్ పక్కనే ఉంది. దాన్ని వదలాలంటే రెండు చేతులూ కావాలి. అతను నయోమిని చూశాడు, తాడుని చూశాడు, తర్వాత పట్టీ నా చేతిలో పెట్టి, "వదినా, గట్టిగా పట్టుకోండి," అన్నాడు. తాడు వదిలాడు. పడవ నిటారుగా లేచింది. నయోమి నా చెవిలో, "ఇట్స్ ఓకే పెద్దమ్మా, యూ కెన్ బ్రీద్," అంది.

మధ్యాహ్నానికి సాల్ట్ పాండ్ బే చేరాం. అది నేషనల్ పార్క్ నీళ్ళు, అక్కడ లంగరు వేయకూడదు, పార్క్ వాళ్ళు పెట్టిన మూరింగ్‌కే కట్టుకోవాలి, రాత్రి ఉంటే రుసుం కట్టాలి. ప్రభాకరే ముందుకి వంగి తాడు అందుకుని కట్టాడు. కట్టాక అక్కడే చతికిలబడి, మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చాడు. హెప్సీ వెళ్ళి పక్కన కూర్చుంది, ఏమీ అనలేదు. కాసేపటికి తలెత్తి, "ఆకలేస్తోంది," అన్నాడు. నిన్నటి పులుసు వేడి చేశాను.

నేను తిరిగి వచ్చి రెండు నెలలైంది. పడవ అమ్మలేదు. వాతావరణం బాగున్నప్పుడు దగ్గర బేలకి వెళ్తున్నారు, హెప్సీ నడుపుతుంది, ప్రభాకర్ తాళ్ళు చూస్తాడు. సెయింట్ క్రోయి వైపు ఇంకా వెళ్ళలేదు, ఎప్పుడు వెళ్తారని నేనూ అడగలేదు. రాజేష్‌కి ఎయిర్‌పోర్ట్‌లోనే అంతా చెప్పాను. విని కారు తీశాడు. "మనకైతే ఏమయ్యేది?" అన్నాడు ఇంటి దారిలో. తెలియదన్నాను. ఇల్లు లిస్ట్ చేయలేదు. వాళ్ళేదో దాస్తున్నారని వెళ్ళాను, దాస్తున్నమాట నిజమే. కానీ అబద్ధం ఉంటుందనుకున్న చోట, పాప కోసం నిద్రపోని తండ్రి, అతన్ని ఒక్క మాట అనకుండా అన్ని నెలలు ఎదురుచూసిన నా చెల్లెలు ఉన్నారు. అనుమానం నన్ను వాళ్ళ గుమ్మం దాకా సరిగ్గానే తీసుకెళ్ళింది, లోపల ఏముందో మాత్రం దానికి తెలియలేదు.

పడవ జీవితం ఎలా ఉంటుందో చూడాలనుకుంటే, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే ట్రిప్ బుక్ చేయకండి. పడవ మీద ఉండే వాళ్ళతో కనీసం రెండు రాత్రులు గడపండి. మొదటి రోజు ఎవరైనా సముద్రాన్నే చూపిస్తారు.