ఒక్క పేజీ అర్జీ

మేడ్చల్ కోర్టు ప్రహరీని ఆనుకుని వేసిన రేకుల షెడ్డులో నలుగురు టైపిస్టులు కూర్చునేవారు. వాళ్లలో ఆడమనిషి మజీదా ఒక్కతే. రావల్కోల్ నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి, మిషను మీది గుడ్డ తీసి, సాయంత్రం దాకా వకీళ్లు చెప్పినవన్నీ కొట్టేది. తండ్రి పోయేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు, తమ్ముడు సైఫ్‌కు తొమ్మిది. తల్లి అంతకుముందే లేదు. తమ్ముణ్ణి ఒక దారికి తేవాలని చూస్తుండగానే ఆమెకు నలభై దాటాయి. పెళ్లి సంగతి అడిగేవాళ్లు అడగడం మానేశారు.

రెండువేల తొమ్మిది చలికాలంలో సైఫ్‌ను రైల్వే స్టేషన్ అవతల, పట్టాల పక్కన పోలీసులు పట్టుకున్నారు. చొక్కా జేబులో గంజాయి పొట్లం దొరికింది. సైఫ్ హైవే మీది ఒక కంపెనీలో వ్యాను నడిపేవాడు. డ్యూటీ దిగాక తోటి డ్రైవర్లతో కలిసి అప్పుడప్పుడు అది తాగుతాడన్న సంగతి మజీదాకు ఆ రోజే తెలిసింది.

తమ్ముడి బెయిలు పిటిషను ఆమే టైపు చేసింది. అలాంటివి ఎన్నో కొట్టిన చేతులే, అయినా ఆ రోజు తండ్రి పేరు దగ్గర రెండుసార్లు తప్పు పడింది. బెయిలు దొరికింది కానీ జమానతు దొరకలేదు. పూచీ పడటానికి ఇద్దరు మనుషులు ఇంటి కాగితాలు పట్టుకుని కోర్టుకు రావాలి. మేనమామ గడపలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"కొట్లాట కేసైతే నేనే వస్తుంటి బేటీ. గంజాయి అంటే ఎట్ల వస్త? నా ఇంట్ల పెళ్లికున్న పిల్లలున్నరు."

ఊళ్లో ఇంకో పది గడపలు తొక్కింది. అన్నిచోట్లా అదే మాట. చివరికి పిటిషను వేసిన సిద్దయ్య వకీలు తన బామ్మర్దినీ పాత క్లయింటు ఒకతన్నీ బతిమాలి తెచ్చేసరికి నలభై మూడు రోజులు గడిచాయి. కేసు ఆ తర్వాత ఏడాదికి జరిమానాతో ముగిసింది. జరిమానాతో పోయే తప్పుకు మనిషి నలభై మూడు రోజులు లోపల ఉన్నాడు.

కంపెనీ సైఫ్‌ను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. అతనికి శామీర్‌పేటలో కుదిరిన సంబంధం వాళ్లు కబురైనా చెయ్యకుండా తప్పుకున్నారు. అతను శామీర్‌పేట చెరువు దాటాక ఉన్న ఒక కోళ్ల ఫారంలో పనికి చేరి, షెడ్డు పక్క గదిలోనే ఉండిపోయాడు. ప్రతి శుక్రవారం జుమ్మాకు వస్తానన్నవాడు నెలకొకసారి వచ్చేవాడు. వచ్చినా గోడకు ఆనుకుని కూర్చుని, తిని, వెళ్లిపోయేవాడు. మజీదాకు ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. పగలంతా ఆమె వేళ్ల కింద నడిచేవి వకీళ్ల మాటలు. ఆటోలో పక్క మనిషితో అన్న రెండు మాటలే ఆ రోజుకు ఆమె సొంతం.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపో దాటలేదు. వకీళ్లు కోర్టు మానేసి టెంటు కింద కూర్చున్నారు. పనిలేకపోయినా మజీదా దొరికిన ఆటో ఎక్కి షెడ్డుకు వచ్చేది. ఖాళీ ఇంట్లో కూర్చోవడం కంటే అది నయమనిపించేది. అలా ఒక మధ్యాహ్నం మిషనులో తెల్ల కాగితం ఎక్కించి, మొదటిసారి తన మాటలు కొట్టడం మొదలుపెట్టింది. జమానతు లేక జైల్లో మగ్గేవాళ్ల గురించి, పొట్లం దొరికినవాడికీ బస్తాలు అమ్మేవాడికీ ఒకే పేరు పెట్టే లోకం గురించి రాసింది. గంజాయి మీద ఉన్న చట్టం పూర్తిగా తీసెయ్యాలని ముగించింది. నాలుగు పేజీలు వచ్చాయి.

సిద్దయ్య వకీలు టెంటు దగ్గరే నిలబడి అది చదివాడు. ఆయన తొందరపడి మాట్లాడే మనిషి కాదు.

"మజీదమ్మా, గిది అర్జీ లెక్క లేదు, కొట్లాట లెక్క ఉంది. నువ్వు గంజాయి మంచిదంటున్నవా?"

"లేదు వకీల్ సాబ్. నేనెందుకంట?"

"అమ్మెటోన్ని ఇడిసిపెట్టమంటున్నవా?"

"గదీ లేదు."

"మరేమంటున్నవో గదే రాయి."

తాను ఏమంటున్నదో ఆమెకే సరిగ్గా తెలియదని అప్పుడు అర్థమైంది. అయినా ఆ నాలుగు పేజీలతోనే సంతకాలకు బయలుదేరింది. ఆ రోజుల్లో కాగితం పట్టుకుని ఎవరి ముందు నిలబడ్డా ఒకటే అనుకునేవారు. కోర్టు ఎదురుగా హోటల్ నడిపే గౌరయ్య చెయ్యి తుడుచుకుని పెన్ను అందుకున్నాడు.

"తెలంగాణకేనా అక్కా? ఇటియ్యి, మా ఇంటోళ్లందరివి జేపిస్త."

ఆమె సంగతి చెప్పింది. పెన్ను తిరిగి ఆమె చేతికి వచ్చింది.

"పోలీసోళ్లు నా దగ్గరనే చాయ్ తాగుతరక్కా. నా పేరు వద్దు. నువ్వు గూడ ఎందుకు పరేషానైతవ్, ఇడిసిపెట్టు."

పెదనాన్న కూతురు ఆఫ్షీన్ తన మనవడి పుట్టువెంట్రుకలు తీసే అఖీఖాకు పిలుస్తూ, "దావత్‌కు రా, గానీ గా కాగితం తేకు," అంది. మజీదా తీసుకుపోలేదు. అయినా భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గర ఆమె కూర్చోగానే పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు పిల్లలను పిలుస్తున్నట్టు లేచి ఇంకోవైపు పోయారు. మజీదా తనకు వడ్డించింది తిని, పిల్లవాడి చేతిలో చిన్న బహుమతి పెట్టి, ఎవరూ ఆపకముందే వచ్చేసింది. ఆపాలని ఎవరూ అనుకోలేదు కూడా.

మరుసటి ఎండాకాలంలో శామీర్‌పేటలో లా చదువుతున్న సుప్రజ అనే అమ్మాయి సిద్దయ్య వకీలు దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. విజయవాడ వైపు పిల్ల. గలగలా మాట్లాడేది. నాలుగు పేజీలూ షెడ్డులోనే కూర్చుని చదివి, "ఇంత బాగా ఎవరు రాశారు ఆంటీ? మీరేనా?" అంది. మజీదా ఔనని తలూపింది. ఆ తర్వాత నెలన్నర పాటు రోజూ సాయంత్రం సుప్రజ ఫోన్ చేసేది. ఏ దేశంలో ఏ చట్టం మారిందో చెప్పేది. మజీదాకు అందులో సగం అర్థమయ్యేది కాదు, అయినా ఆరు కాగానే ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు సుప్రజ పోస్టర్ తెచ్చింది. పెద్ద ఆకుపచ్చ ఆకు, కింద ‘గంజాయికి స్వేచ్ఛ’ అని అక్షరాలు.

"మీటింగు పెడుతున్నాం ఆంటీ. మీ తమ్ముడు వచ్చి తనకు జరిగింది పది నిమిషాలు చెప్తే చాలు. అందరూ కదిలిపోతారు."

ఆ ఆదివారం మజీదా శామీర్‌పేట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో కోళ్ల ఫారానికి పోయింది. సైఫ్ దాణా బస్తాలు దించుతున్నాడు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. బస్తా కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"మేరా నామ్ నక్కో నికాలో, ఆపా. నా పేరు ఎక్కడ తియ్యకు."

"పేరు చెప్పక్కరలేదురా. వచ్చి మాట్లాడు."

"ఇక్కడ నన్ను ఎవ్వరు ఏం అడగరు. కోళ్లకు నా కేసు తెల్వదు. గిది గూడ పోగొట్టకు."

ఆమె బస్సుకు లేచింది. తిరిగి వచ్చి సుప్రజకు చెప్పింది, తమ్ముడు రాడని, ఆ ఆకు బొమ్మ కింద తానూ నిలబడలేనని. "గా బొమ్మ చూస్తే జమానతుకు రావాల్సినోళ్లు ఇంకింత దూరం పోతరు బిడ్డా. నేను మాట్లాడాల్సింది ఒద్దనెటోళ్లతోని. ఔననెటోళ్లు మీరున్నరు గదా."

"మీరు భయపడుతున్నారు ఆంటీ. సగం మాట చెప్తే ఏదీ మారదు," అంది సుప్రజ. కోపంగా కాదు, బాధగానే అంది. ఆ వారం రెండుసార్లు ఫోన్ వచ్చింది. తర్వాత రాలేదు. కొన్నాళ్లపాటు ఆరు గంటలకు మజీదా చెయ్యి ఫోను దాకా పోయి ఆగిపోయేది.

వద్దనేవాళ్లతో మాట్లాడాలని అన్నది గనుక, ఆ మాట మీద నిలబడి ఫణిభూషణ్ ఇంటికి పోయింది. ఆయన హైవే పక్కన కొత్తగా వెలసిన కాలనీ సంఘానికి కార్యదర్శి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగి. కాలనీ వెనక గంజాయి తాగుతున్నారు, కఠినంగా శిక్షించండి అని పోలీసులకు ఆయన ఇచ్చిన దరఖాస్తు కొట్టింది మజీదాయే. గుమ్మంలో ఆమెను చూసి, టైపులో ఏదో తప్పు పోయిందేమో అనుకున్నాడు. సంగతి విన్నాక ముఖం మారింది.

"మీకేం తెలుసండీ గంజాయంటే? మావాడు రెండేళ్ల చదువు పోగొట్టుకున్నాడు. అమ్మినవాణ్ణి వదిలెయ్యమని ఇందులో ఉంటే ఇక్కడే చింపేస్తాను."

"అమ్మెటోన్ని వదలమని లేదు సార్. చదివి చూడండ్రి."

ఆయన చదివాడు. భార్య నాగమణి మంచినీళ్లు తెచ్చి, పోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"మీవాడు పోలీసులకు దొరికిండా సార్?" అని మజీదా అడిగింది.

ఫణిభూషణ్ మళ్లీ కాగితంలోకి చూశాడు. నాగమణే చెప్పింది. "దొరకలేదమ్మా. మేమే ముందు చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇక్కడ ఎవరికీ తెలీదు. ఇప్పుడు బాగున్నాడు."

"నా తమ్ముడు దొరికిండు," అంది మజీదా. "గంతే తేడా."

ఫణిభూషణ్ లేచి ఎర్ర పెన్ను తెచ్చాడు. చట్టం తీసెయ్యాలన్న వాక్యం కొట్టేశాడు. లోకాన్ని తిట్టిన పేజీ అంతా కొట్టేశాడు. ఆమె ఒక్కొక్కదానికీ వాదించింది, కొన్నిటికి ఒప్పుకుంది, కొన్నిటిని ఆయనతో ఒప్పించింది. రెండు గంటల తర్వాత మిగిలింది ఇదీ: సొంతానికి వాడుతూ కొద్దిపాటి సరుకుతో మొదటిసారి దొరికినవాణ్ణి జైలుకు కాక వైద్యానికి పంపండి, అమ్మేవాళ్ల సంగతి చట్టం చూసుకుంటుంది, జమానతుకు మనిషి లేనంత మాత్రాన ఎవరినీ లోపల ఉంచకండి. ఒక్క పేజీ. ఫణిభూషణ్ సంతకం పెట్టాడు. ఇంటి నంబరు మాత్రం రాయలేదు.

"ఇది మా కాలనీలో ఎవరికీ చూపించకండి," అన్నాడు గేటు దగ్గర.

ఆ ఒక్క పేజీకి ఏడాదిన్నరలో నలభై ఏడు సంతకాలు వచ్చాయి. సిద్దయ్య వకీలుది ఒకటి. గౌరయ్యది రాలేదు. దాన్ని రిజిస్టర్ పోస్టులో ఢిల్లీ సర్కారుకు, హైదరాబాదు సర్కారుకు పంపింది. అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు.

రెండువేల పధ్నాలుగు వసంతంలో ఒక మధ్యాహ్నం సిద్దయ్య వకీలు పత్రిక మడిచి పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఢిల్లీలో ఆ చట్టాన్ని సవరించారు. నొప్పితో బాధపడే రోగులకు మార్ఫిన్ లాంటి మందులు సులువుగా దొరికేలా చేశారట, అది మంచిదే. కానీ కొద్ది గంజాయితో దొరికినవాడికి అంతకుముందు ఆరు నెలల వరకు ఉన్న జైలు ఇప్పుడు ఏడాది వరకు అయింది.

"మన అర్జీ ఎవ్వరు చదవలేదన్నట్టే గదా వకీల్ సాబ్," అంది మజీదా.

"చదివితే గూడ గింతే అయ్యేదేమో." ఆయన పత్రిక మిషను పక్కన పెట్టి, "ఒక్కటి మాత్రం తియ్యలేదమ్మా. వాడే అలవాటున్నోడు కొద్ది సరుకుతోని దొరికితే, శిక్షకు బదులు వైద్యానికి పంపే అధికారం కోర్టుకు ముందటి నుంచే ఉంది. గా సెక్షన్ అట్లనే ఉంది. మా వకీళ్లమే అడగం. ఇంటోళ్లకు తెల్వనే తెల్వదు," అన్నాడు.

ఆమె రెండు రోజులు ఏమీ చెయ్యలేదు. మూడో రోజు ఆ సెక్షన్‌ను మామూలు మాటల్లో ఒక కాగితం మీద తెలుగులో కొట్టి, వెనకవైపు ఉర్దూలో చేత్తో రాసి, జిరాక్సులు తీయించింది. బెయిలు కోసం వచ్చిన ఇంటివాళ్లకు అడక్కుండానే చేతిలో పెట్టేది. చాలామంది దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని మరిచిపోయేవారు.

ఆతియా మరిచిపోలేదు. శామీర్‌పేటలో ఆటో నడిపే అదీబ్ భార్య ఆమె. ఇద్దరు చిన్న పిల్లలు. జూన్‌లో, ఊరంతా కొత్త రాష్ట్రం పండుగలో ఉండగా, అదీబ్ కొద్ది గంజాయితో దొరికాడు. ఆతియా ఆ కాగితం తెచ్చి సిద్దయ్య వకీలు ముందు పెట్టి, "గిది అడుగుండ్రి సాబ్, ఒక్కపారి అడుగుండ్రి," అని కదలకుండా కూర్చుంది. ఆయన అడిగాడు. అదీబ్ తప్పు ఒప్పుకున్నాక, డాక్టరు రాసిన కాగితం చూసి, కోర్టు అతన్ని పూచీకత్తు మీద సర్కారు దవాఖానలో వైద్యానికి పంపింది.

ఆ సంగతి చెప్పడానికి మజీదా కోళ్ల ఫారానికి పోయింది. సైఫ్ వింటూ అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు.

"దవాఖానల ఎన్ని దినాలున్నడు?"

"ఇరవై ఆరు."

"ఆటో నడుపుతుండా మళ్ల?"

"నడుపుతుండు."

సైఫ్ తలూపాడు. ఆ తర్వాత దాణా ధర పెరిగిందని, నీళ్ల మోటారు కాలిపోయిందని చెప్పాడు. ఆమె బస్సుకు లేచినప్పుడు ఆటో దాకా నడిచి వచ్చాడు.

ఆ ఏడాది చివర్లో మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో తెలిసినవాళ్ల పెళ్లి. మజీదా ఆడవాళ్ల వైపు లోపలికి పోయేసరికి ఆతియా తన అత్తవారి మనుషుల మధ్య కూర్చుని ఉంది. ఒడిలో చిన్నపిల్ల. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆతియా వంగి పిల్ల గౌను సర్దడం మొదలుపెట్టింది. పక్కనున్న అత్త, "ఎవరామె? నీకు ఎరికేనా?" అని అడగడం మజీదాకు వినిపించింది. అదీబ్ కేసు సంగతీ దవాఖాన సంగతీ వేరే ఊళ్లో ఉండే అత్తవారికి చెప్పలేదన్నమాట. కోర్టు టైపిస్టును ఎరుగుదునంటే, ఎట్లా ఎరుక అన్న ప్రశ్న వస్తుంది.

"తెల్వదు," అంది ఆతియా.

మజీదా అప్పటికే చూపు తిప్పుకుంది. ఎవరినో వెతుకుతున్నట్టు హాలు చివరిదాకా నడిచి, ఖాళీగా ఉన్న వరసలో కూర్చుని, పెళ్లికూతుర్ని తెచ్చేదాకా స్టేజీ వైపే చూస్తూ ఉంది.