బండి లేనోళ్ల తిరుపతి ప్రయాణం

మొన్న మంగళవారం నేనూ హేమా పూతలపట్టు నుంచి తిరుపతికి పోయినాము. చిత్తూరులో డిగ్రీ ఒకే క్లాసులో చదివినాము, ఇద్దరికీ ఇంకా ఉద్యోగం లేదు. తిరుపతిలో ఒక పెద్ద బట్టల కొట్టులో బిల్లింగు కౌంటరుకు ఆడపిల్లలు కావాలని తెలిసి, నన్నూ రమ్మని పిలిచింది హేమే.

మాలాగా పోయేవాళ్లకు చెప్తున్నా, ఏడు లోపలే రోడ్డు మీదికి రండి. మేము ఏడున్నరకు పోయినాము. చిత్తూరులోనే నిండిపోయిన బస్సులు ఆగకుండా వెళ్లిపోయినాయి. చివరికి ఒకటి ఆగితే మెట్ల మీద చోటు దొరికింది. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడోళ్లకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్టు ఇచ్చినాడు. వెనక నుంచి ఒక పెద్దాయన, "దుడ్లిచ్చినోళ్లం నిలబడాల, ఊరికే వచ్చినోళ్లు కూసోవాల," అని గొణిగినాడు. మేమూ నిలబడే ఉండినాము.

చంద్రగిరిలో సీటు దొరికింది. "ఇద్దరికీ ఉద్యోగం వస్తే జతగా పోయి జతగా వస్తాంమే," అనింది హేమ. తిరుపతి బస్టాండు బయట ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కినాము. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురం. "సర్దుకోండమ్మా, ఇంకొకరికి చోటుండాది," అంటాడు డ్రైవరు. కొట్టు ముందర దిగేసరికి ఇస్త్రీ చేసి కట్టుకొచ్చిన నా చీర కుచ్చిళ్లన్నీ నలిగిపోయినాయి.

మేనేజరు ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచినాడు. ముందు నన్నే అడిగినాడు. కంప్యూటర్ గురించి అడిగినవన్నీ చెప్పినాను. తల ఊపినాడు. ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను.

"రోజూ ఎట్ల వస్తావు?"

"బస్సులో సార్. బస్టాండు నుంచి షేర్ ఆటో."

పెన్ను కింద పెట్టేసినాడు. "కౌంటరు మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. బస్సు పోతుందని నువ్వు మధ్యలో లేచిపోతే నాకెట్ల? బండి ఉండాదా?"

లేదన్నాను. హేమ వైపు తిరిగినాడు.

"ఉండాది సార్," అనింది హేమ. "మా అన్న స్కూటీ. నేనే నడుపుతా."

హేమకు అన్న లేడు. వాళ్లింట్లో సైకిలు కూడా లేదు. నేను నోరు తెరిస్తే ఆమెకీ పోతుంది, తెరవలేదు. ఆమెను ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు. నాతో, "నీకు ఫోను చేస్తాంలేమ్మా," అన్నాడు. నా నంబరు మాత్రం అడగలేదు.

మళ్లీ ఆటో, మళ్లీ నలుగురం. బస్టాండులో ప్లాట్‌ఫారం మీద హేమే మాట మొదలుపెట్టింది.

"నిన్ను ముందు అడిగినాడు కాబట్టి ఏం చెప్పాలో నాకు తెలిసింది. నన్ను ముందు అడిగుంటే, నువ్వేం చెప్పుండేదానివి?"

"బస్సనే చెప్పుంటాను."

"అందుకే నీకు రాలా."

ఆ మాట సూదిలా దిగింది. "మరి రాత్రి ఎట్ల వస్తావు?" అన్నాను, కావాలనే.

ఆమె మొహం చిన్నబోయింది. "తెలీదు. హాస్టల్లో ఉంటే జీతం దానికే సరిపోతుంది. మా నాయనకు బండి మాట చెప్పొద్దు రూతూ."

మధ్యాహ్నం బస్సు సగం ఖాళీ. పొద్దున నిలబడి పోయిన దారిలో కాళ్లు చాపుకొని రావచ్చు. హేమ కిటికీ పక్క నాకు చోటు పెట్టింది. నేను పోయి వెనక సీట్లో కూర్చున్నాను. దారి పొడవునా మా బస్సును దాటుకొని స్కూటీలు పోతానే ఉండినాయి. చాలావాటి మీద మా ఈడు పిల్లలే. వాళ్లు ఎక్కడ పని చేస్తారో, ఎన్నింటికి ఇల్లు చేరతారో ఎవరూ అడగరనిపించింది.

పూతలపట్టులో దిగినాక హేమ నా వెనకే వచ్చింది. "రాత్రి తిరుపతి నుంచి ఆఖరు బస్సు ఎప్పుడో మీ నాయనను అడిగి చెప్తావా? ఆయన తిరుపతికి లారీల లోడు పనికి పోయి రాత్రిళ్లు వస్తాడు కదా, తెలిసుంటుంది," అనింది.

అడుగుతానన్నాను.

ఎల్లుండి ఒకటో తారీకు. నేనింకా అడగలేదు.