మల్లెకు నీళ్లు పోసినందుకు

చలి మొదలైందంటే మల్లెను చంపినంత పని చెయ్యాలి. నీళ్లు ఆపాలి. కొమ్మలు కట్టగట్టి కత్తిరించాలి, ఆకంతా దూసెయ్యాలి, కుదురు తవ్వి వేళ్లకు ఎండ తగలనివ్వాలి. అట్లా మాడిస్తేనే వేసవిలో పూస్తుంది. నేను బడి మొహం చూడనివాణ్ణి, పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. ఈ సంగతి మాత్రం ఏ పేపర్లోనూ చదవలేదు. బతకను వచ్చిన ఈ గుజరాతీ ఊళ్లో, అమ్రోలిలో, మా బిల్డింగు మిద్దె మీద నా భార్య ఏటేటా చేస్తుంటే చూశాను. సాంచెల మీది నుంచి, మరమగ్గాల పని దిగి వచ్చి తొట్టి జరిపేవాణ్ణి, అంతే.

ఈసారి ఆమె మంచం దిగలేదు. ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మన్నారు ఆస్పత్రివాళ్లు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారు!

"ఆకు ఒక్కటి సుత ఉంచకు," అంది. "సాంచె నడిపినట్టు గాదు, జర పైలం. ఎండకాలం దాంక నేనుంటనో లేదో. ఒక్క దండకన్న పుయ్యాలె."

దూశాను. చెట్టు ఎండుపుల్లల్లా నిలబడింది. ఆమెను విడిచి మళ్లీ పైకి పోలేకపోయాను.

కొన్నాళ్లకు ఎరువు వెయ్యమని ఆమే పంపింది. పోయి చూస్తే తొట్టి తడితడిగా ఉంది, పుల్లపుల్లకూ లేత చిగురు. పక్కింటి గుజరాతీ అమ్మాయి చెంబు పట్టుకుని నవ్వుతోంది.

"దేఖో కాకా! మర్ గయా థా. మైనే రోజ్ పానీ డాలా."

చచ్చిందనుకుని రోజూ నీళ్లు పోసిందట!

"కిస్నే బోలా? నిన్నెవరు పొయ్యమన్నరు?" అని అరిచాను. చలిలో చిగురేస్తే చెట్టు సత్తువంతా ఆకుకే పోతుంది, మొగ్గకు మిగలదు. ఎట్లా చెప్పను? నేను మందులకు పోతే నా భార్య దగ్గర కూర్చునేది ఆ అమ్మాయే. కోపం మాత్రం చావలేదు. లోకానికి పచ్చగా కనిపిస్తే చాలు, బతికినట్టే!

కిందికొచ్చి చెప్పాను.

"మళ్ల దుయ్యి," అంది ఆమె.

"రెండోసారి తట్టుకోదు. చస్తదే."

"చస్తే చస్తది. ఆకులు వెట్టుకొని నేనేం జేసుకోవాలె?"

మళ్లీ ఎక్కాను. ఆ అమ్మాయి చెంబు పక్కన పెట్టి కొమ్మలు పట్టుకుంది. ముదురాకు అయితే చిటుక్కున ఊడేది. లేత చిగురు అట్లా కాదు, పుల్ల మీది తోలుతో సహా వేళ్లలోకి వచ్చింది.