వెనక చీల్చిన కోటు

మా మేనమామ మార్కాపురంలో మనుషుల బొమ్మలు గీసేవాడు. బొమ్మకు కూర్చున్న ప్రతి మగవాడికీ కోటు కావాలి. అందుకని మద్రాసు నుంచి తెచ్చుకున్న ఒకే ఒక నల్లకోటును వీపు దగ్గర నిలువునా చీల్చి, నాడాలు కుట్టించాడు. సన్నవాడికైనా లావువాడికైనా సరిపోయేది. అర్ధవీడు గొర్రెల కాపరీ, గిద్దలూరు కరణమూ ఆ ఒక్క కోటులోనే పటాలకెక్కారు.

పెళ్లిళ్లకు మామ కూడా అదే తొడుక్కునేవాడు. లోపల చొక్కా ఉండేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునేవాడు. లేచాక, అందరికీ దండం పెడుతూ వెనక్కి వెనక్కి నడిచి బయటపడేవాడు. జనం దాన్ని మర్యాద అనుకున్నారు. ఇంకో కోటు కుట్టించుకోమని అత్త పోరితే, "ఓపిక లేదులే" అనేవాడు.

చూపు మందగించి ఆయన పని మానేసిన ఏడు, నేను పలకా బలపం పట్టుకుని వెళ్లాను.

"నీ బొమ్మ ఎవరూ గీయలేదు గదా మామా, కూర్చో."

కోటు తొడుక్కున్నాడు. కుర్చీని గోడవైపు తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"అదేంది మామా! ఇట్ల తిరుగు."

"ముందరిదంతా ఊరోళ్లందరూ ఏసుకున్నారమ్మీ," అన్నాడు అలసటగా. "ఈపొక్కటే నాది. గీయి."