ఒక్కరికే కలిపిన ఏళ్లు

నన్ను బడిలో వేసింది నా చదువు కోసం కాదు, తమ్ముడికి తోడు కోసం. నాకు అయిదేళ్లు వచ్చినప్పుడు ఎవరికీ పట్టలేదు. వాడికి అయిదు నిండి, నాకు ఎనిమిది వచ్చాక ఇద్దరినీ ఒకే రోజున ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. మునేటి ఒడ్డున మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. అక్క పలకలు మోయాలి, తమ్ముడి ముక్కు తుడవాలి, మిగిలిన టైములో కావాలంటే చదువుకోవచ్చు.

నాకేమో చదువు ఇట్టే పట్టుబడింది. ఎనిమిదో తరగతిలో మాస్టారు వయసుల లెక్కలు మొదలుపెట్టాక ఇక చెప్పక్కర్లేదు. తెలియని వయసును ఎక్స్ అనుకోమన్నారు. అనుకుంటే చాలు, తెలిసిపోతుందట! నాకు భలే సంబరమేసింది. తమ్ముడికి మాత్రం అవి కొరుకుడు పడేవి కావు.

అక్క వయసు తమ్ముడి వయసుకు రెట్టింపు, ఆరేళ్ల తరువాత ఇద్దరి వయసులూ కలిపితే ముప్ఫై, ఇప్పుడు ఎవరి వయసెంత? వాడు ఆరును ఒక్కసారే కలిపి, తమ్ముడికి ఎనిమిది, అక్కకు పదహారు అని తేల్చేవాడు. భిన్నం రాలేదు కాబట్టి కరెక్టేనని పైగా వాదన.

"ఒరే, ఆరేళ్లు ఒక్కళ్లకే గడుస్తాయా? ఇద్దరికీ కలపాలిరా! ఆరూ పన్నెండూ వస్తాయి చూడు" అని మొత్తుకునేదాన్ని.

"అబ్బ, పోవే అక్కా, తల తినకు" అనేవాడు.

మా ఊరి బడి ఎనిమిదితో సరి. ఆ పైన చదవాలంటే నందిగామ హైస్కూలుకు వెళ్లాలి. అక్కడ చదివి, ట్రైనింగ్ అయ్యి, పంతులమ్మనవ్వాలని ఎంత ఆశపడ్డానో! పరీక్షలో నేను పాసయ్యాను. వాడు లెక్కల్లో తప్పాడు.

"ఒక్కదాన్నే అంత దూరం ఎట్టా పంపేదే? వాణ్ణి పాసవనీ, ఇద్దరూ కలిసి పోదురుగాని" అన్నాడు నాన్న.

నమ్మాను. ఆ ఏడాదంతా పగలు మిరపచేలో, సాయంత్రం దీపం దగ్గర వాడి ఎదురుగా కూర్చున్నాను. వాడి పరీక్ష నా పరీక్షే అనుకున్నాను. వాడు పాసయ్యాడు. ఇంట్లో పరమాన్నం వండారు. వండింది నేనే.

జగ్గయ్యపేట వెళ్లి వాడికి సైకిలు కొనుక్కొచ్చారు. వెనక క్యారియర్ చూసి అది నాకోసమే అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

"నాన్నా, నేనెప్పుడు చేరాలి?" అని అడిగాను.

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు పదిహేడేళ్లొచ్చినై. ఈ వయసులో పోయి తొమ్మిదిలో కూర్చుంటావా? నలుగురూ నవ్విపోరూ?"

ఒళ్లు మండిపోయింది. ఎవరికోసం ఆగాను నేను? వాడు ఎదగాలని మూడేళ్లు, వాడు పాసవ్వాలని ఇంకో ఏడాది! ఆగమన్నప్పుడు ఎవరికీ గుర్తురాని నా వయసు, చదువుకుంటానంటే గుర్తొచ్చింది. అమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది.

కొన్నాళ్లకు తమ్ముడు హైస్కూలు నుంచి వచ్చి కొత్త లెక్కల పుస్తకం నా ముందు పెట్టాడు. మళ్లీ వయసుల లెక్కే, పదేళ్ల తరువాత ఎంతని. ఈసారి పెన్సిలు కొరుక్కుంటూ వాడే చేశాడు.

"అక్కా, పదేళ్లూ ఇద్దరికీ కలపాలి కదే?"

"పుస్తకంలో అయితే కలపాలిరా" అన్నాను.