మా వాకిలి బల్బు ఆర్పిందెవరు

కొత్త కరెంటు మీటరును ఎవరైనా నా ముందు మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్లోనే చూసుకోవచ్చట, ఏ గంటకు ఎంత కాలిందో తెలుస్తుందట, రీడింగుకు మనిషి రానక్కర్లేదట. మా బళ్లో సోషల్ సారు స్టాఫ్‌రూములో ఒకరోజు ఇదంతా చెబుతుంటే నేను టిఫిన్ డబ్బా మూత ధడాలున వేసి బయటికి వచ్చేశాను. ఆయన తప్పేమీ లేదు పాపం. ఆయనది ప్రొద్దుటూరు. నా పుట్టిల్లూ ప్రొద్దుటూరే. కరెంటు పోతే విసనకర్ర వెతుక్కోవడం తప్ప మరో పని తెలియని ఇళ్లు మావి.

మెట్టినిల్లు అలాంటిది కాదు. పెద్దముడియం దాటాక ఒక పల్లె. నేను కోడలిగా అడుగుపెట్టేనాటికే ఆ ఊరు రెండు పార్టీలుగా నిలువునా చీలి ఉంది. బోరింగులు వేరు, టీ అంగళ్లు వేరు, చివరికి పెళ్లిళ్లకు వంటవాళ్లు కూడా వేరు. మా మామ ఒక పార్టీలో ముందు నడిచే మనిషి. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దు గూకగానే వాకిట్లో బల్బు వెయ్యాలి, ఇంటి లోపల దీపాలన్నీ ఆర్పెయ్యాలి. వచ్చేవాడు వెలుగులో ఉండాలి, మనం చీకట్లో ఉండాలి. ఆ బల్బును ఎవడూ రాయి పెట్టి కొట్టకుండా చుట్టూ ఇనుప జాలీ బిగించారు. మేము లోపల చీకట్లోనే తినేవాళ్లం. కొత్తకోడలిని, పప్పనుకుని ఊరగాయ కలుపుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న పూటలున్నాయి.

బల్బు ఆరిపోతే చేయవలసింది వేరే ఉండేది. ఊరంతా కరెంటు పోతే ఫరవాలేదు. మన వీధికి మాత్రమే పోతే తలుపులకు గొళ్లేలు వేసి, గుప్పిట్లో కారంపొడి పట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చోవాలి. ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకకూడదు. ఎంత తెలిసిన గొంతైనా సరే. పిలవడానికి తెలిసిన గొంతునే కదా పంపుతారు.

నేను కాన్పుకు ప్రొద్దుటూరు వెళ్లి ఉండగా ఒక సాయంత్రం మా వీధికే కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరో ఫీజు పీకేశారు. వాకిట్లోంచి తెలిసిన గొంతు పిలిచింది. మామ పలికాడు, తలుపు తీశాడు. నేను పసిబిడ్డతో తిరిగొచ్చేసరికి వాకిలి కడిగేసి ఉంది, అత్త నుదుట బొట్టు లేదు. ఆ సాయంత్రం గురించి ఆమె ఇన్నేళ్లలో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు తెలిసిందంతా ఊరివాళ్లు చెప్పిందే.

తర్వాత ఫ్యాక్షన్ చల్లారిందన్నారు. చల్లారడమంటే ఏమిటి? నాయకులు టౌన్లో మిద్దెలు కట్టుకున్నారు. ఒకరి కూతురి పెళ్లికి ఒకరు పోయి అక్షింతలు వేశారు. ఆ పార్టీలోంచి ఈ పార్టీలోకి, ఈ పార్టీలోంచి ఆ పార్టీలోకి మారారు. ఒకే వేదిక మీద పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. చచ్చినవాళ్లు మాత్రం ఏ పార్టీలోకీ మారలేకపోయారు. మేము దీపాలు వేసుకుని అన్నం తినడం మొదలుపెట్టాం. అయినా వాకిట్లో బల్బు స్విచ్చి మాత్రం అత్తే వేసేది, ఇంకొకరిని వెయ్యనిచ్చేది కాదు. ఆ వెలుగు తలుపు సందులోంచి కనిపిస్తుంటేనే ఆమెకు ఆ ఇంట్లో కన్ను మూతపడేది.

ఇక ఈ మీటర్ల సంగతి. మొదట ఒక పార్టీ గద్దె మీద ఉన్నప్పుడు ఇవి తెస్తామంది. అవతలి పార్టీవాళ్లు ఊరూరా తిరిగి, మీ గోడకు మేకు కూడా దిగనివ్వం అన్నారు. ఎన్నికలయ్యాయి. వద్దన్నవాళ్లు గద్దెనెక్కి పెడతామన్నారు. తెచ్చినవాళ్లు గద్దె దిగి వద్దని ధర్నాకు కూర్చున్నారు. సిగ్గనేది ఉంటే ఒక్కరైనా మా ముఖం చూడలేక తల దించుకోవాలి. ఎవరూ దించుకోలేదు.

ఊళ్లో అందరి గోలా బిల్లు గురించే. రెట్టింపు వస్తుందని కొందరు, ముందే డబ్బులు కట్టించుకుంటారని కొందరు. మా అత్త ఆ మాటలేవీ పట్టించుకోలేదు. ఒకసారి నేను బడికి పోయినప్పుడు మీటరువాళ్లు వస్తే, అరుగు మీద అడ్డంగా కూర్చుని వాళ్లను పంపించేసింది. రెండోసారి ఆదివారం వచ్చారు. ఈసారి వెంట మా వీధి పార్టీ మనిషి ఉన్నాడు. మేకు దిగనివ్వనని మా గడపలోనే నిలబడి చెప్పినవాడు ఇతనే. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

అత్త మెల్లగా అరుగు దిగి, మీటరు బిగించే అతని పక్కన నిలబడింది.

"ఏమప్పా, దీన్ని ఆర్పాలంటే యాడ ఫీజు పీకాల?"

"ఇంగ ఫీజు పీకే పనే ల్యాదవ్వా," అన్నాడతను ఉత్సాహంగా. "ఆఫీసులో కూచోని నొక్కితే సాలు, ఈడ ఆగిపోతాది."

"ఒక్క మా ఇంటికేనా?"

"యా ఇంటికి కావాలంటే ఆ ఇంటికి."

అత్త తలెత్తి వాకిట్లో బల్బు వైపు చూసింది. పార్టీ మనిషి నవ్వుతూ ముందుకొచ్చాడు. "నేనుండా కదవ్వా! మన గవర్నమెంటే ఉండాది. నీ కరెంటు ముట్టుకునే మొగోడు ఎవుడు?"

"అప్పుడు మేకు గూడా దిగనీయనంటివే నాయనా?"

"అప్పుడది వాళ్ల మీటరు. ఇప్పుడు మనది."

"డబ్బా అదే కదప్పా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"టీచరమ్మా, మీరు పిల్లోళ్లకు పాఠాలు జెప్పుకోండి. రాజకీయాలు మీకు తెలీవు. పెట్టించుకోకుంటే ఉండే కరెంటు గూడా తీసేస్తారు, ఆ పైన మీ ఇష్టం," అన్నాడు.

ఆ పళ్లికిలింపు ఇప్పుడు తల్చుకున్నా చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కొట్టలేదు. మీటరు బిగించారు, ఫోటో తీసుకున్నారు, పోయారు. ఆ రోజు నుంచి అత్తకు నిద్ర కరువైంది. బల్బు వెలుగుతూనే ఉన్నా, మాటిమాటికీ లేచి తలుపు సందులోంచి చూసి వచ్చేది. చూడొద్దని నేను చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

కొన్నాళ్లకు, మా ఆయనకు నైట్ డ్యూటీ ఉన్న ఒక సాయంత్రం, జమ్మలమడుగులో పని చూసుకుని బస్సు దిగి వీధి మలుపు తిరిగాను. అన్ని ఇళ్లలోనూ దీపాలున్నాయి. పక్కింట్లో టీవీ మోగుతోంది. మా వాకిలి ఒక్కటే చీకటి. గొళ్లెం లోపల పడి ఉంది. "అత్తా, నేనే, తలుపు తీ" అని అరిచాను. పలుకు లేదు. షుగరు మనిషి, ఎక్కడ పడిపోయిందో అనుకున్నాను. పెరటి వైపు పరుగెత్తి, పాత తలుపు సందులోంచి చెయ్యి దూర్చి గడియ లాగి లోపలికి అడుగు పెట్టాను.

కళ్లల్లో నిప్పు పోసినట్టయింది. కారంపొడి. రెండో గుప్పెడు కూడా పడింది. "నేనత్తా! నీ కోడల్ని!" అని కూలబడ్డాను. రోకలి కింద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె చేతులు నా ముఖం తడిమాయి. "అయ్యో, నువ్వా మే, నువ్వా" అంటూ తొట్టి దగ్గరికి నడిపించి చెంబుతో నీళ్లు కొట్టింది. కళ్లు కాస్త తెరిచాక టార్చి వేసి చూశాను. కూర్చున్నచోటే చీర తడుపుకుని ఉంది. ఎనభై ఏళ్ల మనిషి. ఊరి పెద్దలే ఆమె ఎదుట గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ చీర మార్చేటప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవణ్ణి తన్నాలో తెలియని కోపం.

ఎప్పుడో కరెంటు తిరిగి వచ్చింది. పొద్దున్నే వాచిన కళ్లతో కరెంటాఫీసుకు పోయాను. కుర్చీలో మనిషి కంప్యూటరు చూసి, "మీ ఇంటికి ఎవరూ తీయలేదు మేడం. సిస్టంలో తేడా వచ్చి దానంతటదే ఆఫ్ అయింది," అన్నాడు.

"దీనికి ఎవర్ని అడగాల?"

"మిషన్‌ను ఎవరేమంటారు మేడం? మళ్లీ వచ్చింది కదా."

నేను బల్ల మీద చరిచి అరిచాను. ఏమేం అరిచానో గుర్తు లేదు. క్యూలో వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. బయటికొచ్చి పార్టీ మనిషికి ఫోన్ చేస్తే, "ఆఫీసోళ్లు మా మాట యాడింటారక్కా, అంతా పైనుంచే," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎవురంట మే ఆర్పింది?"

ఆమె ముఖంలోకి చూడలేక చెప్పులు విప్పుకుంటూ చెప్పాను. "ఎవురూ కాదంటత్తా. దానంతటదే పోయిందంట."

అత్త ఇన్నేళ్లలో మొదటిసారి, మామ పోయిన ఆ సాయంత్రం గురించి నోరు విప్పింది.

"మీ మామను సంపినప్పుడు కోర్టులో గూడా అట్లనే జెప్పినారు మే. ఫీజు ఎవురూ పీకల్యాదు, దానంతటదే పాయ అని. జడ్జి గూడా నమ్మె."