సగం టికెట్టు డైలాగు

భివండీ నాగావ్‌లో కనుకయ్య మామూలు మాట మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ. చాయ్ కావాలంటే చాయ్ కావాలని అనడు. బండి ముందు నిలబడి, మెడ ఓ పక్కకు తిప్పి, "మరుగుతున్నది నీ గిన్నెలో నీళ్లు కాదురా, నా గుండెలో పగ!" అంటాడు. బండివాడు మరాఠీ మనిషి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ పగకు చక్కెర ఎంత వేయాలో అతనికి తెలుసు. పన్ను నొప్పికి డాక్టరు నోరు తెరవమంటే, "ఈ నోరు తెరుచుకుంటే మీ మేడలు కూలిపోతాయి" అన్నాడట. డాక్టరు బెదరలేదు. "ఔర్ థోడా ఖోలో" అన్నాడు.

"నాకు పెండ్లి నీతోటి అయిందా, టాకీసుతోటి అయిందా?" అని భార్య శాంతాబాయి చాలాసార్లు అడిగింది. ఆ ప్రశ్నకు కూడా అతని దగ్గర ఒక డైలాగు ఉంది. కానీ ఆమె దాన్ని ఇంతవరకు పూర్తిగా వినలేదు. సగంలోనే గరిటె లేస్తుంది.

కనుకయ్యకు ఎనిమిది సాంచెలున్నాయి. అన్నీ ఎవరో వాడి వదిలేసిన మరమగ్గాలే, నేసే రోజులకంటే బాగుచేసే రోజులే ఎక్కువ. జగిత్యాల పక్క పల్లె నుంచి మీసం రాకముందే ఈ మరాఠీ మగ్గాల ఊరికి, భివండీకి వచ్చినవాడు. మాట్లాడేది ఇంటి భాషే, ఏంది, గట్ల, ఎట్ల. డైలాగు ఎత్తుకున్నప్పుడు మాత్రం ఎక్కడినుంచి దిగుతుందో ఏమో, గోదావరి జిల్లాల తెలుగు వచ్చి నాలుక మీద కూర్చుంటుంది. డైలాగు అయిపోగానే లేచి వెళ్లిపోతుంది. అప్పుడు ఆయన మళ్లీ, "ఏందిరో, చాయ్ గింత సల్లగున్నది?" అంటాడు.

శుక్రవారం సాంచెలకు సెలవు. ఆ సాయంత్రం ఊరు ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే, చెవులకు ఏం చేయాలో తోచదు. కనుకయ్య లాంటివాళ్లు వరాలా తలావ్ అనే చెరువు గట్టు మీద చేరతారు. ఒకరు డైలాగు చెప్పాలి, మిగతావాళ్లు ఏ సినిమానో చెప్పాలి. ఈ సభకు అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, సిగ్గు అసలే లేదు. నెరిసిన మీసాల మనుషులు మెట్ల మీద నిలబడి, కనిపించని విలన్ల గల్లా పట్టుకుని ఊపుతుంటే, వాకింగుకు వచ్చిన ఆడవాళ్లు పిల్లల్ని రెండో పక్కకు మార్చుకుని నడుస్తారు.

ఈ సభలో చివరి డైలాగు ఎప్పుడూ కనుకయ్యదే. సినిమా పేరు 'పులిగుట్ట పోతరాజు'. క్లైమాక్సులో కూలివాడు పోతరాజు దొర గడీలో నిలబడతాడు. చుట్టూ గూండాలు. అందరినీ ఒక చూపు చూసి గడప దాటి, వెనక్కి తిరిగి అంటాడు:

"దొరా! గడప నీదే. గడప దాటిన కాలు మాత్రం నాది!"

గట్టు మీద ఈలలు పడతాయి. ఈ మాట భివండీ తెలుగువాళ్లలో చాలా దూరం పోయింది. సభలోని భూమయ్య ఖోలీ ఖాళీ చేస్తూ ఇంటి ఓనరుకు చెప్పి వచ్చాడు. ఎవరో టెంపో వెనక రాయించుకున్నారు. ఒక పెళ్లిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు మేనమామ అనేసి, ఇరువైపులవాళ్ల చేత తిట్లు తిన్నాడు.

కనుకయ్యకైతే అది వట్టి డైలాగు కాదు. ఆయన జీవితం ఆ మాట మీదే మలుపు తిరిగింది. కుర్రతనంలో ఒక సేఠు షెడ్డులో పనిచేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం పిలిపించి, రాత్రి నేసిన గుడ్డలో పోగు తప్పిందని సేఠు ఆ థాను తీసి మొహాన కొట్టాడు. కనుకయ్య థానును కిందపెట్టి, గడప దాటి, వెనక్కి తిరిగి, పోతరాజు మాట చెప్పాడు. అచ్చ తెలుగులో. సేఠు పక్కవాణ్ని "క్యా బోలా?" అని అడిగాడు. "గడప మీదే అంటున్నాడు సేఠ్" అని హిందీలో చెప్పాడు వాడు. "హాఁ, తో? మేరీచ్ హై" అన్నాడు సేఠు, నాదే కదా అన్నట్టు. అయినా కనుకయ్య ఆగలేదు. చెప్పులు లోపలే ఉండిపోయాయి. వాటి కోసం మళ్లీ గడప దాటితే డైలాగు పాడైపోతుంది. నాగావ్ దాకా ఉత్త కాళ్లతో, కాలే రోడ్డు మీద ఎగురుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత కిరాయికి సాంచెలు పట్టాడు, పస్తులున్నాడు, నిలదొక్కుకున్నాడు. "పోతరాజు లేకుంటే నేనింక గా షెడ్డులనే మూల్గుతుందును" అని ఎవరు అడిగినా చెప్తాడు, అడగకపోయినా చెప్తాడు.

ఆ చెప్పుల్ని ఆ రాత్రి పేపర్లో చుట్టి తెచ్చిచ్చినవాడు దేవానందం. అదే షెడ్డులో జోడీదారు. ఇద్దరికీ కలిపి అవే నాలుగు సాంచెలు. పగటి పాళీ దేవానందంది, రాత్రి పాళీ కనుకయ్యది. ఎనిమిదింటికి ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కాలి. సినిమాలు కూడా అట్లాగే చూశారు. సందు చివర ఒక వీడియో పార్లర్ ఉండేది. సాయంత్రం ఆటకు కనుకయ్య వెళ్లి ఇంటర్వెల్ దాకా చూసి, చిరిగిన టికెట్టు తెచ్చి షెడ్డులో దేవానందం చేతిలో పెట్టేవాడు. మిగతా సగం దేవానందం చూసేవాడు. పార్లరువాడికి కుర్చీలో ఒక మనిషి ఉంటే చాలు, ఏ మనిషైతే ఏం?

షెడ్డులో సాంచెల మోతకు అరిచినా వినపడదు. అక్కడ మాటంటే పెదాల కదలిక, చేతుల ఊపు. కాబట్టి కనుకయ్య ఇంటర్వెల్ ముందు కథ అంతా మూగగా ఆడి చూపించి పనిలోకి దిగేవాడు. తెల్లవారి ఎనిమిదింటికి దేవానందం వచ్చి, ఇంటర్వెల్ తర్వాతది ఆడి చూపించేవాడు. అట్లా ఏళ్ల తరబడి కనుకయ్య చూసిన హీరోలందరూ కాలేజీలో అల్లరి చేసే పిల్లలే, ఇంట్లో తల్లి బతికే ఉంటుంది. దేవానందం చూసిన హీరోలకు తల్లి ఎప్పుడో పోయింది, చేతిలో కత్తి ఉంది. పోతరాజు మాట కూడా కనుకయ్యకు అట్లా ఒక పొద్దున దేవానందం పెదాల మీదుగానే అందింది. ఆ సంగతి కనుకయ్య గట్టు మీద ఎవరికీ చెప్పలేదు. కళ్లారా చూసినట్టే చెప్పుకున్నాడు.

ఇప్పుడు చిక్కంతా అల్లుడు నిలేష్‌తో వచ్చింది. అంజూర్ ఫాటాలో గోదాము సూపర్‌వైజరు. చదువు మరాఠీలో, పెళ్లి తెలుగింట్లో. ఒక శుక్రవారం గట్టు మీదికి ఫోన్ ఊపుకుంటూ వచ్చాడు.

"మామా, తుమ్చా తో పిక్చర్ మిళాలా! పోతరాజు దొరికిండు, ఎవరో ఫోన్ల పెట్టిన్రు. రాత్రంత కూసొని పూర్తిగ సూసిన. గా డైలాగు అండ్ల లేనే లేదు."

గట్టు మీద ఈలలు ఆగిపోయాయి. ఇదే మాట ఇంకెవరన్నా అని ఉంటే తలావ్ నీళ్లు తాగించేవాడు. కానీ అన్నది అల్లుడాయె. కనుకయ్య గొంతులో మర్యాద అడ్డం పడింది.

"మీరు నిద్రలుండి సూసినట్టున్నరు అల్లుడూ."

"నాహీ మామా. శప్పథ్, ఒట్టు."

"అయితే పందెం. అందరం కూసొని సూద్దాం. గా మాట లేకపోతే ఇయాల్టి సంది సినిమా డైలాగు నా నోట్లకెల్లి రాదు. చాయ్ కావాలంటే చాయ్ అంట."

భూమయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పక్కనే కూర్చున్న దేవానందానికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

పెద్ద టీవీ ఉన్నది దేవానందం ఇంట్లోనే, తలావ్ పక్కన. ఆ వారమంతా దేవానందం చేయని ప్రయత్నం లేదు. టీవీ కళ్లకు మంచిది కాదన్నాడు. పాత సినిమాలు చూస్తే బీపీ పెరుగుతుందన్నాడు. చర్చిలో పాటల ప్రాక్టీసు ఉందన్నాడు. చివరికి, "సౌండు ఖరాబైంది కనుకన్నా" అన్నాడు.

"మనకు సౌండెందుకురా తమ్మీ? పెదాలు సూసి చెప్తం" అన్నాడు కనుకయ్య.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ చాప మీద కూర్చున్నారు. శాంతాబాయి కూడా వచ్చింది. మొగుడి నోరు మూతపడే రోజు ఆమె ఇంట్లో ఎట్లా కూర్చుంటుంది? సౌండు చక్కగానే వచ్చింది. ఇంటర్వెల్ దాకా కనుకయ్య రాజు. పోతరాజు కంటే ఒక మాట ముందు తానే చెప్పాడు. తల్లి మాట, దొరబిడ్డ మాట, చివరికి ఎద్దు మెడలో గంట మోత కూడా. తెర మీద 'ఇంటర్వెల్' అని పడగానే ఆయన కాళ్లు వాటంతట అవే లేచాయి. పాళీకి పోవాలేమో అన్నట్టు తలుపు దాకా నడిచి, అక్కడ గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

తర్వాతి సగం ఆయనకు కొత్త దేశం. ఒక్క మాటా నోటికి అందలేదు. దేవానందం ఆడి చూపిన అగ్గి మంటలు లేవు, గుర్రం లేదు. పోతరాజు బావి దగ్గర పాట పాడుతున్నాడు. చివరికి గడీ వచ్చింది. గూండాలు వచ్చారు. గడప కూడా వచ్చింది, పెద్దది, పసుపు రాసింది. కనుకయ్య మోకాళ్ల మీద లేచి ముందుకు జరిగాడు.

పోతరాజు గడప దగ్గరికి వచ్చాడు. ఆగాడు. గడప దాటి లోపలికి వెళ్లి, దొర కాళ్ల మీద పడి, "మీరే నాకు తండ్రి!" అన్నాడు. దొర కళ్లు తుడుచుకుని కూతురి చెయ్యి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అందరూ కలిసి నవ్వారు. శుభం.

గెలిచిన నిలేష్ మొహం కూడా చిన్నబోయింది. "జాఊ ద్యా మామా, వదిలేద్దాం" అన్నాడు. ఇన్నేళ్లూ ఇంట్లో నిశ్శబ్దం కోసం మొక్కులు మొక్కిన శాంతాబాయి, తీరా అది దొరికేసరికి కొంగు నోట్లో పెట్టుకుంది.

కనుకయ్యకు ఏడుపొచ్చింది. పందెం పోయినందుకు కాదు. తను ఎవణ్ని చూసుకుని సేఠు గడప దాటాడో వాడు అసలు దాటనే లేదు. పైగా కాళ్ల మీద పడ్డాడు. మరి ఆ రోజు తను చేసింది ఏమిటి? పౌరుషమా, పిచ్చా?

అప్పుడు దేవానందం భార్య ఎలీసబెతు చాయ్ పళ్లెం పట్టుకుని వచ్చింది. అందరి మొహాలూ చూసి ఆశ్చర్యపోయింది.

"ఏమైందన్నా? పోతరాజు సిన్మాకేనా గింత బాధ? ఈయన గది యాడ సూసిండు? గా పొద్దు టికెట్టు జేబుల పెట్టుకొని నాతోటి తలావ్ కాడికొచ్చిండు. మక్కకంకులు తిన్నం. మా పెండ్లి మాట అయింది గా పొద్దే గదా!"

దేవానందం తల పైకెత్తి ఫ్యాను వైపు చూడసాగాడు.

"మరి నాకు జెప్పిన కథేందిరా?" అన్నాడు కనుకయ్య.

"తెల్లారి షెడ్డుల కండ్లింత జేసుకొని నిలబడ్డవన్నా. ఏం జెప్పాలె? తొవ్వ పొంటి నడుస్త నడుస్త కథ కట్టిన."

"గా మాట గూడనా?"

"గా మాట గూడనే."

కనుకయ్య అతని ముందుకు జరిగి కూర్చున్నాడు. "గంత మాట నీకే పుట్టినంక, సేఠుకు నువ్వే ఎందుకనలేదురా?"

"లగ్గం పెట్టుకున్నోనికి నౌకరీ గావాలె గదన్నా. నాకు మాటొచ్చింది, కాలు రాలే. నువ్వు చెప్పులిడిసి పోయినవ్. నేను ఎన్కనుంచి చెప్పులు తెచ్చిన, గంతే" అన్నాడు దేవానందం.

కనుకయ్య కళ్లు తుడుచుకున్నాడు. అంతలోనే మొహంలో ఏదో వెలిగింది. లేచి నిలబడి లుంగీ సర్దుకున్నాడు.

"అల్లుడూ, పందెమేంది? ఇగ సినిమా డైలాగు నా నోట్లకెల్లి రావొద్దని, అంతే గదా?"

"హో మామా."

"గీ మాట సినిమాల లేదని మీరందరు కండ్లార సూసిన్రు గదా?"

శాంతాబాయి నుదురు కొట్టుకుంది. "అయ్యో, మల్ల మొదలైంది!"

కనుకయ్య తలుపు దగ్గరికి వెళ్లాడు. ఈసారి ముందు చెప్పులు వేసుకున్నాడు. గడప దాటి, వెనక్కి తిరిగి, మెడ ఓ పక్కకు వంచాడు.

"దొరా! గడప నీదే..."

లోపల చాప మీద కూర్చున్న దేవానందం పెదాలు కూడా సాంచెల మధ్యలో కదిలినట్టే, చప్పుడు లేకుండా, మాటకు మాట కదులుతున్నాయి.